ఢిల్లీ 1951ని బిట్ ప్రశ్నగా వదిలేయకండి

సంపాదకులకు నమస్కారం.

2026 సెప్టెంబరు 19న జపాన్‌లోని ఐచి-నగోయాలో ఆసియా క్రీడలు మొదలవుతాయి. ఆ రోజుల్లో క్రీడాపేజీలన్నీ గత ఆసియా క్రీడల్లో, చైనాలోని హాంగ్‌ఝౌలో మనకొచ్చిన 107 పతకాల లెక్కతో, ఈసారి ఎన్ని వస్తాయన్న అంచనాలతో నిండిపోవడం ఖాయం. ఈ క్రీడలు ఎలా పుట్టాయన్నదానికి ఏ మూలో ఒక్క వాక్యం దక్కుతుంది: తొలి క్రీడలు, 1951, న్యూఢిల్లీ. గ్రూప్స్‌కు చదివే పిల్లలు బట్టీపట్టేదీ అంతే. ఆ వాక్యం వెనకున్న కథను మీ పత్రిక వివరంగా రాయాలని నా కోరిక.

ఈ క్రీడలకు బీజం వేసింది లాహోర్ ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేసిన గురుదత్ సోంధీ. 1948 లండన్ ఒలింపిక్స్‌కు వచ్చిన ఆసియా దేశాల ప్రతినిధులను ఒకచోట కూర్చోబెట్టి ఆయన తన ఆలోచన చెప్పారు. మరుసటి ఫిబ్రవరిలో ఢిల్లీలో ఆసియా క్రీడల సమాఖ్య ఏర్పడింది. 1950లో జరగాల్సిన పోటీలు ఏర్పాట్లు కుదరక ఏడాది వెనక్కి జరిగాయి. చివరికి 1951 మార్చి 4న 11 దేశాల నుంచి వచ్చిన 489 మందితో మొదలయ్యాయి. కొత్త స్టేడియం కట్టలేదు, బ్రిటిష్ వాళ్ల కాలపు ఇర్విన్ యాంఫీథియేటర్‌నే సరిచేసుకున్నారు. 2036 ఒలింపిక్స్ మనకే కావాలంటూ వేల కోట్ల లెక్కలు వేస్తున్నవారు ఇది ఒకసారి చదువుకుంటే మంచిది.

నాకు మరీ నచ్చే సంగతి జపాన్‌ది. యుద్ధం కారణంగా 1948లో లండన్ ఆ దేశాన్ని పిలవలేదు. మూడేళ్లు తిరక్కుండానే ఢిల్లీ పిలిచింది. జపాన్ వచ్చి 24 స్వర్ణాలు పట్టుకుపోయింది, మనకు 15 వచ్చాయి. పిలవకుండా ఉంటే మొదటి స్థానం మనదే. అయినా పిలిచారు.

ఇక మనవాళ్ల సంగతి. ఆ క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం మనదే. ఫైనల్లో సాహు మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోలుతో ఇరాన్‌ను ఓడించాం. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాద్ వాసి, చాదర్‌ఘాట్ హైస్కూల్ లాంటి బడుల్లో పాఠాలు చెప్పిన మాస్టారు. పదకొండేళ్ల తర్వాత జకార్తా ఆసియా క్రీడల్లోనూ స్వర్ణం తెచ్చింది ఆయన జట్టే. అప్పటి పరిస్థితి వేరు. ఇండోనేసియా ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదు. అందరినీ రానివ్వనప్పుడు వీటికి ఆసియా క్రీడలన్న పేరెందుకని సోంధీ నిలదీశారు. దాంతో జనం మన రాయబార కార్యాలయం మీద పడ్డారు. ఫైనల్ రోజు స్టేడియమంతా మనవాళ్లను గేలిచేస్తుంటే, తలకు కట్టుతో ఆడిన జర్నయిల్ సింగ్ ఒక గోలు కొట్టారు. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. ఆ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ కూడా ఉన్నాడు. మరుసటి ఏడాదే రహీమ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు.

విజయవాడ డీఆర్ఆర్ ఇండోర్ స్టేడియంలో షటిల్ ఆడే పిల్లలను డీఆర్ఆర్ అంటే ఎవరని అడిగి చూడండి. దండమూడి రాజగోపాలరావు గారు 1951లో ఢిల్లీలో వెయిట్‌లిఫ్టింగ్ పతకం గెలిచారు. పెద్దవాళ్లకైనా ఆయన వెండితెర భీముడిగానే ఎక్కువ గుర్తు.

కాబట్టి నగోయా హడావుడి మొదలవక ముందే, తొలి ఆసియా క్రీడలకు వెళ్లిన మనవాళ్ల గురించి వారానికొకరి చొప్పున రాయండి. ఆ కుటుంబాల దగ్గరున్న ఫొటోలు, ఉత్తరాలు, పాత పత్రికల ముక్కలు పంపమని పాఠకులను అడగండి. రెండు రాష్ట్రాల క్రీడా ప్రాధికార సంస్థలు వాటికి నకళ్లు తీయించి భద్రపరచడం పెద్ద ఖర్చేమీ కాదు. మొదటి వారం రాజగోపాలరావు గారితో మొదలుపెడితే సంతోషిస్తాను.

– ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, ఏలూరు