సకినాల డబ్బా అడుగున

హనుమకొండ,
సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు

బిడ్డా స్రవంతీ,

ఈ కాగితం సకినాల డబ్బా అడుగున, పాత పేపర్ కింద పెడుతున్నాను. నూనె అంటితే అంటనీ. పైన పెడితే మీ అమ్మ తీసి చదువుతుంది. డబ్బా రేపు పొద్దున ఆర్టీసీ కార్గోలో వేస్తాను, ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, అది చూడకుండా పడేయకు. ఈసారి ఓమ కొంచెం ఎక్కువ పడింది. అయినా బాగున్నాయని చెప్పు, రెండు రోజులు నడుం పట్టేసేదాకా చుట్టింది.

ఇక్కడంతా బాగానే ఉంది. మీ పెద్దబాపు మోకాలు మళ్ళీ మొదటికి వచ్చింది. ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ నేనే పోశాను. భద్రకాళి గుడి దగ్గర పొద్దున వాకింగ్‌కి పోతున్నాను. నిన్న అక్కడ సుజాత చిన్నమ్మ కలిసింది. దాని సంగతి తర్వాత రాస్తాను.

పండుగకి రాలేదని అడగడానికి కాదు ఈ ఉత్తరం. ఆన్‌కాల్ అన్నావు, ఎప్పుడు పిలిచినా పనికి కూర్చోవాలట, సరే. ముప్పై ఏళ్ళు సబ్‌స్టేషన్‌లో షిఫ్టులు చేసినవాడిని, ఎన్ని పండుగలు ఆ లైన్లు ఆపే బ్రేకర్ల మధ్య గడిచాయో మీ అమ్మనడుగు. కానీ మూడు వారాల నుంచి నీ ఫోన్ లేదు. 'తిన్నావా' అంటే ఒక బొటనవేలు బొమ్మ. 'ఎట్లున్నావ్' అంటే 'కొంచెం బిజీ బాపూ'. అదే మెసేజ్ ఏడుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. రిటైరైనవాడికి ఇంతకంటే పనేముంది అనుకో.

మొన్న దీపావళి గుర్తొచ్చింది. అన్నం సగంలో వదిలేసి లాప్‌టాప్ పట్టుకుని డాబా ఎక్కావు. ఎక్కడో అమెరికాలో, వర్జీనియాలో అమెజాన్ వాళ్ళ క్లౌడ్ పడిపోయిందన్నావు. పేరు చెబితే అడ్రస్ చెప్పే పట్టికలో ఒక డేటాబేస్ పేరు ఎదురుగా అడ్రస్ ఖాళీ అయిపోయిందని, ఒకే పని చేసే రెండు ప్రోగ్రాములు ఒకదాని రాత మీద ఇంకొకటి రాసి, ఆఖరికి ఉన్నది కూడా చెరిపేశాయని తర్వాత చెప్పావు. అంత పెద్ద కంపెనీకి అంత చిన్న తప్పా అని నవ్వాను. నువ్వు నవ్వలేదు. మన హైదరాబాద్‌లోనే 2022 నవంబర్ నుంచి వాళ్ళ రీజియన్, అంటే డేటా సెంటర్ల గుంపు, ఉంది కదా, వర్జీనియాతో మనకేం పని అంటే, 'మనం వాడుకునే కొన్ని అక్కడివే బాపూ' అన్నావు. హైదరాబాద్‌లో మూడు జోన్లు, అంటే వేరువేరు చోట్ల డేటా సెంటర్లు, ఒకటి పోయినా మిగతావి నడుస్తాయి అని పళ్ళెంలో గారెలు పెట్టి చూపించావు. సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళకి పోయే ఒక ఫీడర్ లైన్ పోతే ఇంకో ఫీడర్ నుంచి కరెంటు తిప్పి బ్యాక్‌ఫీడ్ ఇచ్చినట్టు అన్నాను. 'అచ్చం అంతే' అని ఒక జోన్ తినేశావు. ఆ రోజు నువ్వు బాగానే ఉన్నావు.

సుజాత చిన్నమ్మ అల్లుడు మీ బిల్డింగ్‌లోనే ఇంకో కంపెనీలో ఉన్నాడట. అతను ఏదో అన్నాడట. దాని మాటలు నేనెప్పుడు పట్టించుకున్నాను? మొన్న మన వీధిలో చిరుత తిరుగుతోందని కూడా చెప్పింది.

ఉద్యోగం సంగతి నీకు నేను చెప్పేదేముంది. నేను ఒక్కసారి ట్రైనింగ్ చేసి ముప్పై ఏళ్ళు నెట్టుకొచ్చాను, నువ్వేమో ఆ అమెజాన్ క్లౌడ్ సర్టిఫికెట్ పరీక్ష మూడేళ్ళకోసారి మళ్ళీ రాయాలి. అయినా ఒక మాట. బ్యాకప్ ఉంది అంటే సరిపోదు, దాన్ని ఎప్పుడైనా వెనక్కి తెచ్చి చూశారా? మా దగ్గర కంట్రోల్ రూమ్‌లో బ్యాటరీ సెట్ ఉండేది. లైన్‌లో కరెంటు ఉన్నా లేకున్నా బ్రేకర్‌ను ట్రిప్ చేసి లైన్ ఆపేది ఆ బ్యాటరీల డీసీ కరెంటే. బ్యాటరీ ఆసిడ్ చిక్కదనం చూసే హైడ్రోమీటర్ ముంచి ఒక్కో సెల్ రీడింగ్ రోజూ రాయాలి. చాలామంది నిన్నటి రీడింగే మళ్ళీ రాసేవాళ్ళు. నువ్వట్లా చేయకు. రాత్రి పూట ఒంటరిగా మార్పులు చేయకు, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని ఒకసారి గట్టిగా చదివి అప్పుడు నొక్కు. ఆరు నెలల జీతం బ్యాంకులో పక్కన పెట్టు. ఆ ఫ్లాట్ బుకింగ్ ఇప్పుడే వద్దు. లెక్చర్ ఇవ్వనని మీ అమ్మకి మాటిచ్చి కూర్చున్నాను, చూడు ఎక్కడికొచ్చానో.

నీకు కొమురన్న గుర్తున్నాడా? నీ ఇరవై ఒకటో రోజు పండుగకి వెండి కడియాలు తెచ్చిన లైన్‌మన్. ఆయన సంగతి ఒకటి నీకు చెప్పలేదు. మీ అమ్మకీ చెప్పలేదు.

1994, వానాకాలం. నేను ములుగు దిక్కు ఒక సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ని. మీ అమ్మ కొత్తగా కాపురానికొచ్చింది. అప్పుడు వ్యవసాయానికి కరెంటు పగలు కొంత, రాత్రి కొంత. రైతులు మోటారు పక్కనే గోనెసంచి పరుచుకుని పడుకునేవాళ్ళు. ఒక రాత్రి రెండో ఫీడర్ మీద జంపర్, అంటే తీగల్ని కలిపే ముక్క, తెగిందని కొమురన్న ఫోన్ చేసి ఎల్‌సీ అడిగాడు. ఎల్‌సీ అంటే నీకు తెలుసు, లైన్ ఆపేశాను, ఎక్కు అని మేమిచ్చే మాట. వానలో గొడుగు పట్టుకుని యార్డులోకి పోయాను. టార్చిలో సెల్లులు వీక్. బ్రేకర్ల మీద నంబర్ ప్లేట్లు తుప్పు పట్టి 2 ఏదో 3 ఏదో తెలిసేట్టు లేదు. అయినా నాకు తెలుసు కదా అని ఒకటి ఆపేసి, లోపలికొచ్చి ఎల్‌సీ నంబర్ చెప్పేశాను.

నేను ఆపింది మూడోది.

పది నిమిషాలకి రెండో ఫీడర్ ధన్‌మని ట్రిప్ అయింది. ఆ చప్పుడు ఇప్పటికీ కొన్ని రాత్రులు వినిపిస్తుంది. కొమురన్నకి ఒక అలవాటు, ఎవరు ఎల్‌సీ ఇచ్చినా ముట్టుకునే ముందు లైన్‌ని భూమికి కలిపే ఎర్త్ రాడ్ తగిలించి చూస్తాడు. తోటి లైన్‌మన్లు నవ్వేవాళ్ళు, నీకు మా మీద నమ్మకం లేదా అని. ఆ రోజు రాడ్ తగలగానే మెరుపు. మనిషికేం కాలేదు. తెల్లవారుజామున సైకిల్ మీద తడిసి ముద్దయి వచ్చాడు. నేను పెట్టిన చాయ్ తాగాడు. గ్లాసు కడిగి బోర్లించి, 'సారూ, రెండోదా మూడోదా?' అన్నాడు. అంతే. నేను పలకలేదు. ఆయన పోయాడు.

లాగ్‌బుక్‌లో ఏం రాశానో తెలుసా? 'రెండో ఫీడర్ ట్రిప్. కారణం: చెట్టుకొమ్మ.'

దాని తర్వాత రెండు నెలలు నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఏమైందంటే డ్యూటీ ఎక్కువుంది అనేవాణ్ణి. మీ నానమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. మీ అమ్మ నాకు ఈ పెళ్ళి ఇష్టం లేదనుకుంది పాపం. ఆఖరికి ఒక రోజు మా పై ఆఫీసరు ఏఈ సార్ ముందు నిలబడి చెప్పేశాను. తిట్టాడు. మెమో ఇచ్చాడు. ఒక ఇంక్రిమెంట్ పోయింది. మర్నాడు ఎర్ర పెయింట్ డబ్బా తెప్పించి ప్రతి బ్రేకర్ మీద అడుగెత్తు నంబర్ రాయించాడు, అదీ నా చేతనే. షర్ట్ మీద పడ్డ రంగు మరక చూసి మీ అమ్మ రక్తమనుకుని అరిచింది. ఆ రాత్రి నిద్ర పట్టింది.

నువ్వు ఉద్యోగంలో చేరిన కొత్తలో చెప్పావు కదా, 2017లో అమెజాన్‌లోనే ఎవరో ఒకరు కమాండ్ తప్పు కొట్టి, తీయాల్సిన వాటికంటే ఎక్కువ సర్వర్లు తీసేశారని, నాలుగు గంటలు సగం ఇంటర్నెట్ ఆగిందని. అంతా సరిగ్గా ఉందో లేదో చూపించే వాళ్ళ బోర్డు కూడా ఆ సర్వర్ల మీదే నడిచేదట, అందుకే దాన్ని మార్చలేకపోయారని నవ్వావు. మా బ్యాటరీ సెట్ అక్కడ ఉండాల్సింది. తర్వాత ఆ కంపెనీ రాసిన రిపోర్టులో ఆ మనిషి పేరు లేదన్నావు. ఆ పనిముట్టునే మార్చారట, ఇక ఎవరు ఎంత కొట్టినా ఒక హద్దు దాటి తీయనివ్వకుండా. నాకు ఎర్ర పెయింట్ గుర్తొచ్చింది. అప్పుడే ఈ కథ నీకు చెప్పాల్సింది. నోరు రాలేదు.

సుజాత చిన్నమ్మ అన్నదేంటంటే, మీ టీంలో ఎవరో రాత్రిపూట డేటాబేస్ ఒకటి పొరపాటున లేపేశారని, అది నువ్వేనని, మీ వాళ్ళు నిన్ను పక్కన పెట్టారని. నిజం కాకపోతే నవ్వుకో, దాన్ని వాకింగ్‌లో నేను చూసుకుంటాను. నిజమైతే, 'కొంచెం బిజీ బాపూ' అనేది నాకు చెట్టుకొమ్మ లాగానే కనబడుతోంది.

మడికొండలో ఐటీ పార్క్ పెట్టారు కదా, అక్కడికే వచ్చేయమను అంటోంది మీ అమ్మ. నేనేమీ అనను. ఆమెకి ఈ సంగతి తెలియదు, కానీ ఏదో పసిగట్టింది. ఈ నెల 28 నుంచి మేడారం జాతర. సమ్మక్కకి నీ ఎత్తు బంగారం, అంటే బెల్లం, ఇస్తానని మొక్కుకుంది. బెల్లం కొనాలి, నీ బరువెంతో చెప్పు. పోయినసారి 54. ఇప్పుడు అంత లేవని ఫోటోలో తెలుస్తోంది. రెండు కిలోలు కలిపి చెప్పినా ఫర్వాలేదు.

పెరుగు బయట కొనకు, జలుబు చేస్తుంది. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకోకు. డబ్బా ఖాళీ అయ్యాక పారేయకు, అది మీ నానమ్మది.

మెసేజ్ పెట్టకు. సాయంత్రం ఆరుకి మీ అమ్మ గుడికి పోతుంది, ఏడున్నర దాకా రాదు. అప్పుడు చెయ్యి. ఫోన్ నా చేతిలోనే ఉంటుంది.

మీ బాపు