ఓటరుతో ఒట్టు వేయించడం నేరం

సంపాదకులకు నమస్కారం.

మతం, రాజకీయం అనగానే మన చర్చలు ఢిల్లీకో టెహ్రాన్‌కో వెళ్లిపోతాయి. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఆ రెండూ కలిసే చోటు ఇంకా చిన్నది. పోలింగ్ ముందురోజు రాత్రి వాకిట్లో పీట మీద యాదగిరి నరసింహస్వామి పటం పెడతారు. ఐదువందల నోట్లున్న కవరు ఓటరు ఒక చేతిలో ఉంటుంది, రెండో చెయ్యి పటం మీద పెట్టించి, చెప్పినోడికే ఓటేస్తానని ఒట్టు వేయిస్తారు. ముస్లింల ఇంట్లో ఖురాన్, క్రైస్తవుల ఇంట్లో బైబిల్. ఓటు రహస్యం కాబట్టి పైసలిచ్చినోడికి వేరే గ్యారంటీ లేదు, అందుకే దేవుణ్ని జామీను పెడుతున్నాడు.

ఇది ఆచారమని సర్దుకుపోతున్నాం గానీ, చట్టం దీన్ని నేరమనే అంటోంది. చెప్పినట్టు వేయకపోతే దేవుడి ఆగ్రహానికి గురవుతావని ఓటరును నమ్మించడం భారతీయ న్యాయ సంహిత 171వ సెక్షన్ కింద అనుచిత ప్రభావం. 174 కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఈ నిబంధన కొత్తది కాదు, 1920లోనే పాత భారత శిక్షాస్మృతిలో చేరింది. దాని వేర్లు ఇంగ్లండ్, ఐర్లండ్‌లలో ఉన్నాయి. 1872లో గాల్వే ఉపఎన్నికలో కేథలిక్ మతాధికారులు ఓటర్లను బెదిరించారని గెలిచిన అభ్యర్థి ఎన్నికనే కొట్టేశారు.

మన దగ్గర కేసు ఆగిపోయేది ఠాణా గుమ్మంలో. అనుచిత ప్రభావం నాన్-కాగ్నిజబుల్ నేరం. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. అనుమతి వచ్చేసరికి ఓట్ల లెక్కింపు కూడా అయిపోతుంది. అయితే ఒట్టు వేయించింది గుడి, మసీదు, చర్చి ఆవరణలోనైతే దారి వేరే ఉంది. 1988 నాటి మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం 3వ సెక్షన్ ఆ స్థలాన్ని రాజకీయానికి వాడనివ్వద్దంటుంది, 6వ సెక్షన్ జాతరనూ ఉత్సవాన్నీ వాడనివ్వద్దంటుంది. శిక్ష ఐదేళ్ల దాకా జైలు, పదివేల దాకా జరిమానా. ఇంత శిక్ష ఉంది కాబట్టి పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టొచ్చు. నిర్వాహకుడే కాదు, దాంతో సంబంధమున్న ప్రతి ఒక్కరూ నిందితులే. ఫిర్యాదులో ఈ చట్టం పేరు రాయకుండా 'కోడ్ ఉల్లంఘన' అని మాత్రమే రాస్తే అది కాగితంగానే మిగులుతుంది.

నాయకులు తమ మీద తాము పెట్టుకునే ఒట్లు వేరు. మునుగోడు ఉపఎన్నిక ప్రచారం నడుస్తుండగానే 2022 అక్టోబరులో ఒక పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు తడిబట్టలతో యాదగిరిగుట్ట మీద ప్రమాణం చేశారు. 2024 లోక్‌సభ ప్రచారంలో ముఖ్యమంత్రి రుణమాఫీ మీద ఆయా ఊళ్ల దేవుళ్ల పేరున, యాదగిరి నరసింహస్వామి పేరున కూడా మాటిచ్చారు. ఆగస్టులో ఇంకో పార్టీ నాయకుడు, ముఖ్యమంత్రి ఆ మాట తప్పారంటూ అదే గుట్టకు పాపపరిహార పూజకు వెళ్లారు. మూడు పార్టీలకూ అక్కరకొచ్చింది ఒకే నరసింహస్వామి. వీటిలో ఓటరు మీద ఒత్తిడి లేదు కాబట్టి 171 వర్తించదు. గుడి ఆవరణ సంగతి మాత్రం 1988 చట్టం కింద అడగాల్సిందే.

ఇక సర్పంచి పదవి వేలం. 'గుడికి ఇన్ని లక్షలిస్త, ఎవ్వరూ నామినేషన్ వేయొద్దు' అంటే ఊరు చప్పట్లు కొడుతుంది, ఏకగ్రీవం అంటారు. కానీ పోటీ చేయడం, చేయకపోవడం, ఉపసంహరించుకోవడం కూడా న్యాయ సంహిత 169వ సెక్షన్ ప్రకారం ఎన్నికల హక్కులే. వాటి కోసం ఇచ్చే సొమ్ము ఎవరి చేతికి వెళ్లినా, హుండీలో పడినా, 170 కింద లంచమే.

గెలిచినవారిని ఎమ్మెల్యే, ఎంపీ పదవి నుంచి దించాలంటే హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. ఓడిన అభ్యర్థే కాదు, ఆ నియోజకవర్గ ఓటరు ఎవరైనా వేయొచ్చు. ఫలితం ప్రకటించిన రోజు నుంచి 45 రోజులే గడువు, ఒక్కరోజు దాటినా తీసుకోరు. డిపాజిట్ 2,000 రూపాయలు. ఎవరు, ఏ తేదీన, ఏ చోట అన్నది విడివిడిగా రాసి, 25వ నంబరు ఫారంలో అఫిడవిట్ జతచేయాలి. ఎక్కువ పిటిషన్లు పడిపోయేది అభ్యర్థి సమ్మతి దగ్గర. ఒట్టు వేయించిన గల్లీ కార్యకర్తకు అభ్యర్థి అనుమతి గానీ, ఆయన ఎన్నికల ఏజెంటు అనుమతి గానీ ఉందని రుజువు చేయాలి. నామినేషన్‌కు ముందు జరిగినవి లెక్కలోకి రావు, జాతర ఫ్లెక్సీలన్నీ అప్పుడే కడతారన్నది వేరే సంగతి. వీడియో ఉంటే తీసిన ఫోనునే దాచాలి, వాట్సాప్‌లో తిరిగిన కాపీ నిలవదు. సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే గుర్తు సంఖ్య) రెండు భాగాల సర్టిఫికెట్ కావాలి. కేంద్ర ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీ-విజిల్‌లో గ్యాలరీలోని పాత వీడియో ఎక్కదు, అక్కడికక్కడే తీయాలి. పంచాయతీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘానివి కాబట్టి వాటికి ఆ యాప్ పనికిరాదు.

వేగం దగ్గరే మనం వెనకబడ్డాం. లండన్‌లోని టవర్ హామ్లెట్స్‌లో 2014 మే ఎన్నికలకు ముందు ఒక బెంగాలీ పత్రికలో 101 మంది ఇమాములు, మతపెద్దల సంతకాలతో మేయర్ లుత్ఫుర్ రహ్మాన్‌కు ఓటేయాలని లేఖ వచ్చింది. నలుగురు ఓటర్లు కోర్టుకెక్కారు. 2015 ఏప్రిల్‌లో, ఏడాది తిరగకముందే, మత ప్రభావంతో పాటు ఇంకొన్ని అక్రమాలు కూడా రుజువై ఎన్నిక రద్దయింది, ఆయనపై ఐదేళ్ల నిషేధం పడింది. (2022లో జనం మళ్లీ ఆయన్నే గెలిపించారు, అది వాళ్ల ఇష్టం.) మన అభిరామ్ సింగ్ కేసు 1990లో ముంబయిలోని ఒక స్థానానికి జరిగిన మహారాష్ట్ర శాసనసభ ఎన్నికది. మతం పేరుతో ఓటడగడమంటే అభ్యర్థి మతమొక్కటే కాదు, ఓటరు మతం పేరు చెప్పినా తప్పేనని ఏడుగురు జడ్జిల్లో నలుగురు తేల్చేసరికి 2017 జనవరి 2 వచ్చింది. ప్రజాప్రాతినిధ్య చట్టం 86వ సెక్షన్ మాత్రం విచారణ ఆరు నెలల్లో ముగించే ప్రయత్నం చేయమంటోంది.

కోర్టుల వేగం మన చేతిలో లేదు. జిల్లా కలెక్టర్ల చేతిలో ఉన్నది ఒకటుంది. 1988 చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘన జరిగితే పోలీసులకు చెప్పాల్సిన బాధ్యత నిర్వాహకుడిదే. ఎన్నికల షెడ్యూలు వచ్చిన రోజే ప్రతి గుడి ఈవోకూ, కమిటీ అధ్యక్షుడికీ, దర్గా ముతవల్లీకీ, చర్చి పాస్టరుకూ ఆ సెక్షన్‌ను తెలుగులో, ఉర్దూలో నోటీసుగా ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. ఆ సంతకం ఉంటే 'మాకు తెల్వదు' అనే మాట ఠాణాలో చెల్లదు.

– ఒక న్యాయవాది, నల్లగొండ