షాపులో చేసిన పని లెక్కలోకి రాదా?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఏప్రిల్ వచ్చిందంటే విశాఖ ఎడిషన్ నిండా సమ్మర్ క్యాంపుల ప్రకటనలే. ఈత, కరాటే, వేదిక్ మ్యాథ్స్. డబ్బు కట్టి వేసవి గడిపేవాళ్ల సంగతి అలా ఉంచండి. ఈ రెండు నెలల్లోనే నాలుగు డబ్బులు సంపాదించుకోవాల్సిన డిగ్రీ పిల్లలం కూడా ఈ ఊళ్లో చాలామందిమి ఉన్నాం. మా గురించి రాయాలనిపించింది.

నేను బీకాం మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది పలాస దగ్గర పల్లె. అమ్మ జీడి ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసే పనికి వెళ్తుంది, అది లేని రోజుల్లో ఉపాధి హామీ పనికి. పోయిన ఏడాది, 2025 వేసవిలో, ఇంటికి వెళ్లకుండా విశాఖలోనే ఏదైనా పని చూసుకుందామనుకున్నాను. మూడో సంవత్సరం ఫీజులో కొంతైనా నేనే కట్టాలని.

మొదటి దెబ్బ హాస్టల్ దగ్గరే తగిలింది. పరీక్షలు అయిన రెండో రోజుకే మెస్ మూసేశారు. గదులు ఖాళీ చెయ్యమన్నారు. దాంతో పని దొరక్కముందే మద్దిలపాలెంలో పీజీ (పేయింగ్ గెస్ట్ గది) వెతుక్కోవాల్సి వచ్చింది. భోజనంతో కలిపి నెలకు 5,500. రోజులు తక్కువున్నా నెల మొత్తం కట్టాల్సిందేనన్నారు.

ఇక పని వేట. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర మొదలుపెట్టి డాబా గార్డెన్స్ మీదుగా జగదాంబ దాకా నడిచాను. 'సేల్స్ గర్ల్స్ కావలెను' అని అట్టలు చాలా కనిపించాయి. లోపలికి వెళ్తే అందరిదీ ఒకటే ప్రశ్న: ఎన్నాళ్లు ఉంటావు? జూన్ దాకా అనగానే, "నేర్పేసరికే వెళ్లిపోతావు కదమ్మా" అనేవారు. వాళ్లదీ తప్పు కాదు. చదువు మానేశానని చెప్పమని పీజీలో ఒక అక్క సలహా ఇచ్చింది. ఒక చోట అలాగే చెప్పాను. "ఎందుకు మానేశావు తల్లీ, మళ్లీ చేరు" అని అక్కడి మేనేజరు గారు పావుగంట బుద్ధులు చెప్పి, మంచినీళ్లు ఇచ్చి పంపించారు. పని మాత్రం ఇవ్వలేదు. ఆ తర్వాత ఎక్కడా అబద్ధం చెప్పలేదు.

నెలకు 5,000 ఇచ్చే పీఎం ఇంటర్న్‌షిప్ పథకం ఉందంటే అదీ చూశాను. అప్పట్లో అది 21 నుంచి 24 ఏళ్ల వాళ్లకట. నాకు అప్పటికి ఇరవై. వయసు సరిపోయినా లాభం లేదు, ఏడాది పాటు చెయ్యాలన్నారు, రెగ్యులర్‌గా కాలేజీకి వెళ్లేవాళ్లు పనికిరారన్నారు. నా రూమ్మేట్ అయితే ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ చేసుకోవచ్చన్న మెసేజ్ నమ్మి రిజిస్ట్రేషన్ పేరుతో 2,500 కట్టింది. మర్నాటి నుంచి ఆ నంబరు పలకలేదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాం. డబ్బు ఇంకా రాలేదు. పని ఇచ్చేవాడు మనకు డబ్బివ్వాలి గానీ మన దగ్గర తీసుకోడు. ఇంత చిన్న విషయం టెన్షన్‌లో ఉన్నప్పుడు తట్టదు.

వారం తిరిగాక నాకు అర్థమైంది, నేను అడగకూడని చోట అడుగుతున్నానని. బట్టల షాపుకు ఏడాది పొడుగునా మనిషి కావాలి. కానీ రెండు నెలలకే మనిషి కావాలనుకునేవాళ్లు కూడా ఈ ఊళ్లో ఉన్నారు. బడులు జూన్ 12న తెరుస్తారు కదా, మే మొదలయ్యేసరికి నోటు పుస్తకాలు, బ్యాగులు, యూనిఫాంల షాపులకు ఊపిరాడదు. పెళ్లిళ్లు ఉన్నన్నాళ్లు క్యాటరింగ్ వాళ్లకు కుర్రాళ్లు కావాలి. మా క్లాసు అబ్బాయిలు చాలామంది అలాగే వెళ్తారు, మూఢం వస్తే మాత్రం ఆ పని ఆగిపోతుంది. జాలరిపేట నుంచి వచ్చే నా స్నేహితురాలు యూనిఫాంల షాపులో చేరింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం, వాళ్ల నాన్న బోటు కదలదు. ఇంట్లో రాబడి ఆగిపోయే రోజులూ తన సెలవులూ ఒకటే.

నాకు పూర్ణా మార్కెట్ దగ్గర నోటు పుస్తకాల హోల్‌సేల్ షాపులో దొరికింది. షావుకారు గారు నన్ను ఎగాదిగా చూసి, "బీకాం అన్నావు, బిల్లు కొట్టడం వచ్చేటమ్మా?" అన్నారు. వచ్చన్నాను. నిజానికి కాలేజీ ల్యాబ్‌లో ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ నాలుగుసార్లు తెరిచి ఉంటాను, అంతే. నెలకు 9,000. ఆదివారం సెలవు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా.

మొదటి రోజే తప్పు చేశాను. ఒక స్కూలు వాళ్లకు పాఠ్య పుస్తకాలూ నోటు పుస్తకాలూ కలిపి ఒకే పన్ను వేసేశాను. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు, నోటు పుస్తకాలకు అప్పట్లో 12 శాతం. క్లాసులో చదువుకున్నదే, పరీక్షలో రాసిందే. కానీ కౌంటరు ముందు పదిమంది నిలబడి ఉండగా ఆ తేడా గుర్తు రాలేదు. షావుకారు గారు అరవలేదు. బిల్లు చించకూడదనీ, తప్పు బిల్లును సరిదిద్దే క్రెడిట్ నోటు ఎలా ఇవ్వాలో తీరిగ్గా చూపిస్తాననీ అన్నారు. ఆ తీరిక రాత్రి ఎనిమిదింటికి గానీ దొరకలేదనుకోండి. (సెప్టెంబరు 22 నుంచి నోటు పుస్తకాల మీద కూడా పన్ను తీసేశారు. ఆ వార్త చదవగానే నాకు ముందు గుర్తొచ్చింది ఆ బిల్లే.) సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) లేకుండా ఆటో కదలకూడదని, అరువు ఇచ్చిన స్కూళ్ల దగ్గర వసూలు చేయడానికి కోపం కన్నా ఓపిక ఎక్కువ పని చేస్తుందని, గోడౌన్‌లో లెక్క తేలనప్పుడు తప్పు నూటికి తొంభైసార్లు మన రాతలోనే ఉంటుందని అక్కడే నేర్చుకున్నాను. నాలుగు సెమిస్టర్ల అకౌంటింగ్ నాకు నిజంగా అర్థమైంది ఆ కౌంటర్ వెనకాలే.

మే 2 నుంచి జూన్ 21 దాకా 44 రోజులు పని చేశాను. మేకి 9,000, జూన్‌లో 21 రోజులకు 6,300. మొత్తం 15,300. పీజీకి రెండు నెలలు 11,000 పోయింది. బస్సుకు రోజుకు 30 చొప్పున 1,320. మిగిలింది 2,980 రూపాయలు. పోయిన ఏడాది ఉపాధి కూలి రోజుకు 307. పది రోజులు పనికెళ్తే అమ్మ నాకన్నా ఎక్కువ మిగుల్చుకునేది. ఇది చెప్తే అమ్మ నవ్వి, "పోనీలే, పని నేర్చావు కదా" అంది.

నేనూ అదే అనుకున్నాను. ఎందుకంటే డిగ్రీ రెండో సంవత్సరం అయ్యాక వేసవిలో రెండు నెలల ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. దానికి మార్కులున్నాయి, క్రెడిట్లున్నాయి. ఈ పనే చూపిద్దామని షావుకారు గారిని అడిగితే, లెటర్‌హెడ్ మీద ఏయే పనులు చేశానో, ఎన్ని రోజులు చేశానో టైపు చేయించి, జీఎస్టీ నంబరు, సంతకం, స్టాంపుతో ఇచ్చారు. దాంతోపాటు డజను లాంగ్ నోటు పుస్తకాలు కూడా. వాటికి బిల్లు కొట్టనివ్వలేదు.

కాలేజీలో ఆ కాగితం చూసి పక్కన పెట్టేశారు. "ఇది షాపు కదమ్మా, కంపెనీ సర్టిఫికెట్ కావాలి" అన్నారు. రేపు ఎవరైనా తనిఖీకి వస్తే ఇబ్బంది అన్నారు. తనిఖీ చెయ్యాలంటే పూర్ణా మార్కెట్‌కు వెళ్లి ఏ షాపులో అడిగినా షావుకారు గారిని చూపిస్తారు. ఫోన్ చేసినా పలుకుతారు. ఆ మాట అన్నాను గానీ వినిపించుకోలేదు.

మా క్లాసులో చాలామంది తెచ్చిన సర్టిఫికెట్లు మాత్రం చెల్లాయి. 1,500 కడితే డిజిటల్ మార్కెటింగ్‌లో రెండు నెలలు శిక్షణ పొందినట్టు ఫోన్‌కు పీడీఎఫ్ వస్తుంది. బంగారు రంగు అంచు, క్యూఆర్ కోడ్, ఇంగ్లీషులో పెద్ద పేరు. ప్రాజెక్టు రిపోర్టు కూడా వాళ్లే ఇస్తారు, మన పేరు మార్చుకుంటే చాలు. వాళ్లలో ఎవరూ ఒక్క వీడియో కూడా పూర్తిగా చూడలేదు.

సంపాదకుడు గారూ, దాచడమెందుకు, ఆఖరికి నేనూ కొన్నాను. గడువు రెండు రోజులుంది, మార్కులు పోతాయన్న భయం ఒకటి. నాకు మిగిలిన 2,980లో 1,500 దానికే పోయింది. ఎండలో తిరిగి, 44 రోజులు నిలబడి బిల్లులు కొట్టినదానికి చేతిలో మిగిలింది 1,480 రూపాయలు. నా మార్కుల జాబితాలో ఉన్నది మాత్రం నేను చెయ్యని పని.

మా లెక్చరర్లను తిట్టడానికి ఇది రాయడం లేదు. ఒక్కొక్కరి మీద అరవై డెబ్బై మంది పిల్లల రిపోర్టులు పడతాయి, ఎవరు ఎక్కడ ఏం చేశారో తిరిగి చూసే తీరిక వాళ్లకు లేదు. అందుకే మెరిసే కాగితం వాళ్లకు సుఖం. అయినా ఒకటి అడుగుతాను. జీఎస్టీ నంబరు ఉన్న షాపు ఎవరిదైనా నెట్‌లో కొడితే రెండు నిమిషాల్లో వివరాలు కనిపిస్తాయి. పిల్లల జీతం బ్యాంకులో పడితే పాస్‌బుక్కే సాక్ష్యం. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లతో (కొత్త కార్మిక చట్టాలతో) ఉద్యోగులకు నియామక పత్రం ఇవ్వాలని కేంద్రమే చెబుతోంది. ఆ పత్రం, పాస్‌బుక్, ఒక్క ఫోన్ కాల్, ఇవి చాలవా? బీకాం పిల్లకు ఇలాంటి హోల్‌సేల్ దుకాణం కన్నా మంచి ల్యాబ్ ఎక్కడుంది? జీతం తీసుకుని చేసిన పనిని కూడా ఇంటర్న్‌షిప్‌గా లెక్కేస్తామని యూనివర్సిటీ ఒక్క సర్క్యులర్ ఇస్తే, కాలేజీలు తనిఖీ పేరు చెప్పి భయపడక్కర్లేదు.

హాస్టళ్ల సంగతి కూడా. అన్నీ తెరిచి ఉంచమనడం లేదు. ఊళ్లో పని చేస్తున్నట్టు కాగితం చూపించిన పిల్లలకు ఒక్క బ్లాక్, మెస్ ఖర్చు మా దగ్గరే వసూలు చేసుకుని. నా లెక్కలో 11,000 పోయింది ఆ ఒక్క పద్దు కిందే.

ఈ ఏడాది మా చెల్లి వంతు. అదీ మా కాలేజీలోనే బీకాం, రెండో సంవత్సరం పరీక్షలు రాస్తోంది. షావుకారు గారు పోయిన వారమే ఫోన్ చేశారు. "నువ్వు రాకపోతే మీ చెల్లిని పంపు, ఈసారి 10,000 ఇస్తాను" అన్నారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు సిటీ బస్సులో టికెట్ లేదు కాబట్టి ఆ ఖర్చు తగ్గింది. చెల్లి చేరడానికి సిద్ధంగానే ఉంది. కానీ నిన్న రాత్రి నన్ను అడిగింది: "అక్కా, ముందు షాపులో చేరమంటావా, ముందు సర్టిఫికెట్ కొనమంటావా?" నేనింకా జవాబు చెప్పలేదు. పరీక్షలు అయ్యేలోగా కాలేజీ వాళ్లు ఏదో ఒకటి తేల్చి చెబితే దానికి 1,500 మిగులుతాయి.

పైన రాసిన కారణాల వల్ల నా పేరు వెయ్యవద్దని మనవి.

ఇట్లు,
ఒక బీకాం విద్యార్థిని,
మద్దిలపాలెం, విశాఖపట్నం