మా స్టూడియో ఇళ్ల వీడియోల పనిలోకి మారుతోంది: కస్టమర్లకు కొన్ని విషయాలు

నమస్కారమండీ. రావులపాలెంలో ఉంటూ ఇన్నేళ్లూ మీ ఇళ్లకి, స్థలాలకి, అపార్ట్‌మెంట్లకి ఫోటోలు తీశాం. ఈ కార్తీకం నుంచి మా ప్రధానమైన పని వీడియోలే. విడిగా ఫోటోల కోసం ఆర్డర్లు ఇక తీసుకోం. ధరలు కూడా మారుతున్నాయి కాబట్టి ఎందుకు, ఏమిటి అన్నది మీకు వివరంగా చెప్పాలి.

ఫోటోల పని తగ్గిన మాట నిజం. ఏజెంట్ల చేతిలో ఉన్న ఫోన్లే ఇప్పుడు హాలునీ పడగ్గదినీ చక్కగా తీస్తున్నాయి. దానికి మాకు డబ్బులివ్వాల్సిన అవసరం చాలామందికి లేదు. కానీ మేం మారడానికి అంతకంటే పెద్ద కారణం కొనేవాళ్లు. కోనసీమలో గానీ, భీమవరం, పాలకొల్లు వైపు గానీ ఇల్లు అమ్మకానికి పెడితే, చూసేవాళ్లలో సగం మంది హైదరాబాద్‌లోనో కువైట్‌లోనో అమెరికాలోనో ఉంటారు. ఫోటోలు పంపగానే వాళ్ల దగ్గర్నుంచి ఎప్పుడూ అవే ప్రశ్నలు. లోపలిదాకా కారు వస్తుందా? స్థలం రోడ్డుకి పల్లమా, మెరకా? వానలకి నీళ్లు నిలుస్తాయా? పక్కన రొయ్యల చెరువుందా? ఎంత మంచి ఫోటో అయినా వీటికి సరైన జవాబు ఇవ్వలేదు.

మన డెల్టాలో ఆ పల్లం, మెరక సంగతే సగం బేరాన్ని తేలుస్తుంది. వరిచేను ప్లాట్లుగా మారిన చోట 5 సెంట్లు, అంటే 242 గజాలు కొన్నవాళ్లు, మట్టి తోలించి రోడ్డు ఎత్తుకి లేపడానికి ఎంతవుతుందో ముందే లెక్క వేసుకోవాలి. అందుకే స్థలం వీడియోని మేం స్థలం దగ్గర మొదలుపెట్టం. మెయిన్ రోడ్డు మీద మొదలుపెట్టి, పుంత దారిలో నడుచుకుంటూ, మధ్యలో ఎక్కడా కట్ చేయకుండా గట్టురాయి దాకా వస్తాం. దారి బాగా ఇరుకైన చోట ఆగి టేపు వేసి వెడల్పు చూపిస్తాం. స్థలంలోకి దిగాక మా కుర్రాణ్ణి రోడ్డు అంచు పక్కన నిలబెడతాం. రోడ్డు అతని మోకాలి దగ్గరుందా, నడుము దగ్గరుందా అన్నది డాలస్‌లో కూర్చున్నవాళ్లకీ తెలిసిపోతుంది. ఇక లంక గ్రామాల్లో, ఏటిగట్టుకి నదివైపు ఉన్న ఇల్లయితే, 2022 జూలై వరద ఎక్కడిదాకా వచ్చిందో గోడ మీద చేత్తో చూపించమని ఓనర్‌ గారినే అడుగుతాం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 17.75 అడుగులకి చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారని అక్కడివాళ్లందరికీ తెలుసు. ఆ హెచ్చరిక వచ్చిన రోజు తమ వాకిట్లో నీళ్లు ఎంత ఎత్తున ఉంటాయో చెప్పగలిగేది ఆ ఇంటివాళ్లే.

'ఇవన్నీ చూపిస్తే బేరం చెడిపోదా?' అని కొందరు అడిగారు. నా అభిప్రాయం నేరుగా చెబుతాను. విమానం టికెట్ పెట్టుకుని వచ్చి, పల్లం చూసి వెనక్కి వెళ్లిపోయే మనిషి వల్ల అమ్మేవాళ్లకి ఒరిగేదేమీ లేదు. అన్నీ తెలిసి ఫోన్ చేసినవాళ్లతోనే మాట ముందుకి సాగుతుంది. అందుకే కరెంటు స్తంభాలు చెరిపేయడం, ఎండిన పెరట్లో పచ్చగడ్డి పెట్టడం లాంటివి అడగొద్దు. ఇంటి లోపల మరీ వైడ్ లెన్స్ కూడా వాడం. 16 ఎంఎం లెన్స్ పెడితే పది బై పది గది కల్యాణమండపంలా కనిపిస్తుంది. వీడియో చూసి వచ్చినవాళ్లకి గుమ్మంలోనే నమ్మకం పోతుంది. మేం 24 ఎంఎం దగ్గరే ఆగుతాం.

లేఅవుట్, అపార్ట్‌మెంట్ చేసేవాళ్లకి ఒక మాట. ఇళ్ల, స్థలాల ప్రాజెక్టుల అమ్మకాలని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ప్రకారం వీడియో కూడా ప్రకటనే. సాధారణంగా 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ ప్రాజెక్టు చేస్తే, రిజిస్ట్రేషన్ అయ్యాకే ప్రచారం చేయాలి. ప్రకటనలో రెరా వెబ్‌సైట్ చిరునామా, మీ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ప్రకటనలో తప్పు సమాచారం నమ్మి కొన్నవాళ్లు నష్టపోతే పరిహారం కట్టాల్సి వస్తుంది. కాబట్టి నంబరు ఇచ్చాకే షూట్‌కి వస్తాం. ఈ విషయంలో మొహమాటం లేదు.

మాకు బాగా ఇష్టమైన పని మండువా లోగిళ్లు. అరుగు మీంచి గుమ్మం దాటి, చీకటిగా ఉన్న వసారాలోంచి నడుస్తుంటే ఒక్కసారిగా మండువాలో నెత్తిన ఆకాశం తెరుచుకుంటుంది. ఆ స్తంభాల మధ్య నుంచి పెరటి గుమ్మం, దాని వెనక నుయ్యి, కొబ్బరిచెట్లు ఒకదాని తర్వాత ఒకటి కనపడటం ఫోటోల్లో ఎప్పుడూ రాలేదు. దీని వెనక కష్టం కూడా ఉంది. ఫోటోకైతే వెలుతురుకి ఒకటి, నీడకి ఒకటి తీసి కలిపేస్తాం. నడుస్తూ తీసే వీడియోలో ఆ వీలు లేదు. మిట్ట మధ్యాహ్నం ఎండ మండువాలోకి నిలువునా దిగితే వసారా అంతా నల్లగా పోతుంది. అందుకే ఇలాంటి ఇళ్లకి పొద్దున్నే వస్తాం, లేదా మబ్బు పట్టిన రోజు చూసుకుంటాం. 'మధ్యాహ్నం వచ్చేయండి, భోజనం కూడా ఇక్కడే' అనే మీ ఆదరణకి కృతజ్ఞతలు. భోజనానికి తప్పకుండా ఉంటాం, షూట్ మాత్రం పొద్దున్నే.

డ్రోన్ గురించి అందరూ అడుగుతున్నారు. చేలల్లో వేసిన లేఅవుట్‌కి, కాలవగట్టు స్థలానికి డ్రోన్ చాలా ఉపయోగం. కోనసీమ కొబ్బరితోటల్లో ఉన్న ఇంటికి మాత్రం డబ్బు దండగ. వంద అడుగులు పైకి వెళ్లగానే మట్టల కింద ఇల్లు మాయమై, ఎక్కడో రెండు పెంకులు కనపడతాయి. పైగా 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బు తీసుకుని షూట్ చేయాలంటే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో కూడా 400 అడుగులు దాటకూడదు. రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయం చుట్టుపక్కల అయితే అనుమతి లేకుండా ఎగరేయడం కుదరదు. సర్టిఫికెట్ ఉన్న ఆపరేటర్‌నే పిలుస్తాం, ఆ ఖర్చు బిల్లులో విడిగా ఉంటుంది.

ధర విషయానికొస్తే, ఇంటి వీడియోకి పాత ఫోటోల ధరకి దాదాపు మూడింతలు అవుతుంది. ఇద్దరు మనుషులు, పూట బదులు రోజంతా షూట్, ఆ తర్వాత ఎడిటింగ్. అంతకంటే తగ్గించి చేస్తే పని నాసిగా వస్తుంది. ఆ ధరలోనే ఇల్లంతా తిరిగే పెద్ద వీడియో, ఫోన్‌లో నిలువుగా చూసే నిమిషంలోపు చిన్న వీడియో, పోర్టల్‌లో పెట్టుకోవడానికి సరిపడా ఫోటోలు ఇస్తాం. సినిమా పాట పెట్టమని అడగొద్దు, హక్కుల గొడవతో వీడియో మ్యూట్ అయిపోతుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే క్వాలిటీ పడిపోతుంది.

మేం వచ్చేసరికి మీరు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒక గదిలో తెల్లలైటూ పసుపులైటూ కలిసి లేకుండా చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, వీడియోలో లైట్లు మిణుకుమనకుండా మేం సెకనుకి 25 ఫ్రేముల్లో తీస్తాం. అయినా నాసిరకం ఎల్‌ఈడీ బల్బులుంటే గోడల మీద చారలు పాకుతాయి, వాటిని ఆ పూటకి మార్చేయండి. పక్కన రొయ్యల చెరువులో ఏరేటర్లు, అంటే నీటికి గాలి అందించే మెషిన్లు, ఏ వేళల్లో ఆపుతారో కనుక్కుని చెబితే, వాటి మోత లేని ఆ వేళకి మీ మాటలు రికార్డు చేసుకుంటాం. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయా తియ్యగా ఉంటాయా అన్నది కెమెరా చెప్పలేదు కదా, ఆ మాట మీ నోటే రావాలి.

విదేశాల్లో ఉన్న ఓనర్లకి ముఖ్యంగా చెప్పాల్సింది ఇంకోటుంది. ఇల్లు తాళం వేసి ఉందని వీడియోలో ఎక్కడా తెలియనివ్వం. డోర్ నంబరు, బీరువాలు, తాళాలు, ఫ్యామిలీ ఫోటోలు ఫ్రేములోకి రావు. అడంగల్, 1బి, ఈసీ లాంటి కాగితాలు కెమెరా ముందు పెట్టొద్దు. వాటిని కొనేవాళ్లకి మీరే నేరుగా చూపించుకోండి.

ఇప్పటికే మాట ఇచ్చిన ఫోటోల పనులన్నీ పాత ధరకే పూర్తి చేస్తాం. సంక్రాంతికి ఊరొచ్చేవాళ్లకి చూపించాలనుకునేవాళ్లు నవంబరు నెలాఖరులోపు తేదీ ఖాయం చేసుకోండి, డిసెంబరులో షూట్‌కీ ఎడిటింగ్‌కీ టైమ్ సరిపోదు. అడ్వాన్స్ సగం, మిగతా సగం వీడియో చూశాకే ఇవ్వండి. తుఫాను హెచ్చరిక వస్తే షూట్ వాయిదా వేస్తాం, మీ అడ్వాన్స్ కొత్త తేదీకి అలాగే ఉంటుంది.