పక్క పంచాయతీ అన్నకు, ఇంకా కొందరికి కృతజ్ఞతలు

అమ్మ ఘర్కుల్‌కు, అంటే సర్కారు సాయంతో కట్టుకునే ఇంటికి, నిన్న స్లాబ్ పడింది. ఒళ్ళంతా పులిసిపోయి ఉంది, గోళ్ళ సందుల్లో సిమెంటు ఇంకా వదల్లేదు. రేపు రాద్దాంలే అనుకుంటే ఇక రాయనని తెలుసు కాబట్టి ఇప్పుడే కూర్చున్నా.

ఇంట్లోవాళ్ళ గురించి ఎక్కువ రాయను. అన్న, వదిన, చిన్నాయన, బావ అందరూ కూలి పోగొట్టుకుని వచ్చి తట్టలు మోశారు. మనవాళ్ళు, మోస్తారు.

రాయాల్సింది ఒక్క మనిషి గురించి. మాది ఆయన ఊరు కాదు, ఆయన పంచాయతీ కాదు, చుట్టరికమూ లేదు. పక్క పంచాయతీలో రోజ్‌గార్ సేవక్. ఉపాధి హామీ పని అడిగినవాళ్ళ పేర్లు ఎక్కించడం, మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, తీయించడం ఆయన పని. ఆయనకొచ్చే నాలుగు పైసలు ఆ పంచాయతీ పనులకే. మా కాగితం ముట్టుకున్నందుకు రూపాయి రాదు. పేరు రాయొద్దన్నాడు, రాయడం లేదు.

మేం మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన ఉంటాం. ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ. సరైన ఇల్లు లేనివాళ్ళ పేర్లు రాసుకునే కేంద్రం ఆవాస్ ప్లస్ సర్వే 2018 జనవరి నుంచి 2019 మార్చి దాకా జరిగింది. అందులో అమ్మ పేరు ఎక్కింది. ఆ జాబితానే మా దగ్గర మరాఠీలో ‘డ’ యాదీ అంటారు. మట్టి గోడలు, చేతి పెంకుల కప్పు, ఇంటికి పెద్దదిక్కు ఆడమనిషి. ఇంతకన్నా ఏం కావాలి? అయినా మంజూరు జాబితాలో పేరు లేదు. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు వెనక గోడ కూలింది. అప్పుడూ లేదు. ఎవరినడిగినా ఒకటే మాట, “సిస్టమ్ రిజెక్ట్ చేసింది.” ఎందుకు చేసిందో చెప్పే నాథుడు లేడు.

ఈ రోజ్‌గార్ సేవక్ అన్న అమ్మ ఉపాధి హామీ జాబ్ కార్డు అడిగి తీసుకున్నాడు. తన ఫోన్‌లో ఊరి జాబ్ కార్డుల జాబితా తెరిచాడు. అది ఎవరైనా చూడొచ్చు, ఉపాధి హామీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. కార్డు నంబరులో వరసగా రాష్ట్రం, జిల్లా, తాలూకా, పంచాయతీ, ఊరు ఉంటాయి. ఆ తర్వాత ఒక ఏటవాలు గీత, గీత పక్కన కుటుంబం నంబరు. సర్వేలో ఎక్కిన నంబరును అసలు కార్డు పక్కన పెట్టి వేలితో ఒక్కో అంకె చూపించాడు. చివరి అంకె 7 ఉండాల్సిన చోట 1 పడింది. ఆ 1 మరో ఇంటిది. వాళ్ళకు ఎప్పుడో పాత ఇందిరా ఆవాస్ పథకంలో ఇల్లు వచ్చింది. కంప్యూటర్ దృష్టిలో అమ్మకు ఇల్లు వచ్చేసినట్టే.

“అక్కా, తప్పు నీది కాదు. రాసినోళ్ళది.”

అప్పటిదాకా ఎక్కడా కంటతడి పెట్టని అమ్మ అక్కడ ఏడ్చింది. కాగితాలు సరిగ్గా తెచ్చుకోవడం రాదా అని నలుగురి ముందు మాట పడీ పడీ, తనవల్లే ఇల్లు పోయిందని అనుకుంటోందని మాకూ తెలియదు. ఆయన గుమ్మం బయటికెళ్ళి నిలబడ్డాడు, అమ్మ కళ్ళు తుడుచుకునేదాకా లోపలికి రాలేదు.

రెండో దారి చూపించిందీ ఆయనే. రాష్ట్రంలో ఓబీసీలకని 2023 జులైలో మోదీ ఆవాస్ ఘర్కుల్ పథకం జీఆర్, అంటే సర్కారు ఉత్తర్వు, వచ్చింది. ఆవాస్ ప్లస్‌లో వరస కోసం ఎదురుచూస్తున్నవాళ్ళతో పాటు, సిస్టమ్ దానంతట అది రిజెక్ట్ చేసినవాళ్ళలో అర్హులనూ తీసుకోవచ్చని అందులో రాసి ఉంది. వితంతువులకు, ఒంటరి ఆడవాళ్ళకు, వరదల్లో ఇల్లు పోయినవాళ్ళకు ముందు వరస. ఏడాది ఆదాయం 1.20 లక్షలు దాటకూడదు, మహారాష్ట్రలో 15 ఏళ్ళ నివాసం ఉండాలి. అర్జీ పెట్టేముందు జాబ్ కార్డు సరిచేయించుకోమన్నాడు. కూలీ డబ్బులు పడేది కూడా ఆ కార్డు మీదే, కాబట్టి తప్పు నంబరుతో ముందుకెళ్తే మళ్ళీ అక్కడే ఇరుక్కుంటాం.

తర్వాత కుల ధ్రువపత్రం. అందరూ ఆగిపోయేది ఇక్కడే. ఓబీసీ అయితే 1967 అక్టోబర్ 13కు ముందు నుంచి ఈ రాష్ట్రంలో ఉన్నట్టు తండ్రి వైపు నుంచి రుజువు చూపాలి. తాతలు బడికెళ్ళి ఉంటే బడిలో చేరినవాళ్ళ, మానినవాళ్ళ పేర్లుండే దాఖల్ ఖారిజ్ రిజిస్టర్ చాలు. వెళ్ళకపోతే? “కోత్వాల్ పుస్తకం అడుగు” అన్నాడు. ఊళ్ళో పుట్టినవాళ్ళను, పోయినవాళ్ళను కోత్వాల్, అంటే ఊరి సర్కారు నౌకరు, రాసిపెట్టిన పాత రిజిస్టర్ అది, అందులో కులం గడి కూడా ఉంటుంది. తహసీల్ రికార్డు గదిలో నకలు కోసం అర్జీ పెట్టుకోవాలి. 1982 దాకా గడ్చిరోలి జిల్లాయే లేదు, పాత కాగితాల మీద చంద్రపూర్, ఇంకా పాతవైతే చాందా అని ఉంటుంది. అది చూసి గుమాస్తా “ఇది వేరే జిల్లాది” అంటే వెనక్కి రావద్దు. అమ్మ పుట్టింటి వైపు పెదతాత పుట్టిన ఏడు, ఊరు, కులం ఒకే వరసలో దొరికాయి. సిరా వెలిసిపోయింది కానీ చదవొచ్చు.

అమ్మ పుట్టిల్లు నదికి ఇవతలే కావడం మా అదృష్టం. నదికి అవతల తెలంగాణలోని మంచిర్యాల, భూపాలపల్లి వైపు నుంచి కోడళ్ళుగా వచ్చినవాళ్ళకు ఈ పత్రం ఇక్కడ పుట్టదు. కులమేమో పుట్టింటి నుంచి రావాలి, పుట్టిల్లేమో వేరే రాష్ట్రం. ముప్పై ఏళ్ళు ఇక్కడే వండిపెట్టి, ఇక్కడే కూలి చేసి, భర్త పోయాక ఇల్లు అడిగితే నువ్వు ఏ రాష్ట్రపుదానివి అంటారు. విధవలకు ముందు వరస అని రాసినవాళ్ళు మా నది ఒడ్డు ఊళ్ళు ఒక్కసారైనా చూశారా అనిపిస్తుంది.

ఇల్లు మంజూరయ్యాక, కట్టేటప్పుడు ఆయన ఇచ్చిన సలహాలు వేరేవాళ్ళకూ పనికొస్తాయని రాస్తున్నా. ఖాళీ జాగాలో మొదటి ఫోటో తీసి జియోట్యాగ్ చేసేదాకా, అంటే జాగా ఎక్కడుందో ఫోటోతో పాటు ఎక్కించేదాకా, పునాది తవ్వొద్దు. ఇల్లు వచ్చిన మనిషి ఆ ఫోటోలో ఉండాలి. సర్కారిచ్చే తర్వాతి హప్తాలన్నీ (వాయిదాలు) కట్టినంతవరకు ఫోటో ఎక్కాకే. అంటే ముందు మన డబ్బు పెట్టాలి, తర్వాత సర్కారుది వస్తుంది. ఇల్లు కనీసం 269 చదరపు అడుగులు, వంటకు జాగాతో కలిపి. దానికి మించి ఆశపడి రెండు గదులు, వరండా అని మొదలుపెట్టినవాళ్ళ గోడలు లింటెల్ దగ్గర ఆగిపోయి, వానకు నాచుపట్టి ఉన్నాయి చూడండి. ముందు 269 పూర్తిచేసుకుని, మెట్లకు మాత్రం చోటు వదిలిపెట్టుకోవాలి. మా జిల్లాలో ఉపాధి హామీ కింద 95 రోజుల కూలి ఉంది. కానీ పని మొదలవకముందే డిమాండ్ పెట్టి మస్టర్ తీయించాలి. అయిపోయిన పనికి వెనక తేదీ మస్టర్ రాదు. పునాది రోజుల కూలి చాలామంది పోగొట్టుకునేది ఇందుకే. మరుగుదొడ్డికి 12,000 వేరే.

ఈ పథకంలో మా జిల్లాలో ఇంటికిచ్చేది 1.30 లక్షలు. మైదానం ఊళ్ళకు 1.20. కేంద్రం 2016లో కట్టిన లెక్క ఇది, రాష్ట్రమూ మోదీ ఆవాస్‌కు అదే పట్టుకుంది. అప్పటి సిమెంటు బస్తా ధర, సలాకల ధర ఇప్పుడుందా? ఐదు బ్రాసుల (బ్రాసు అంటే వంద ఘనపుటడుగులు) ఇసుక ఉచితమంటారు, ట్రాక్టర్ కిరాయి మాత్రం మనదే. ఇల్లు లేనివాడే ముందు పెట్టుబడి పెట్టాలనే ఈ పద్ధతి ఎవరి బుర్రలో పుట్టిందో కానీ, మాకు వడ్డీకి ఇచ్చినవాళ్ళు మాత్రం చల్లగా ఉన్నారు. రిజెక్ట్ అయిన ప్రతి పేరు పక్కన కారణం ఒక్క ముక్క, మరాఠీలో అయినా సరే, గోడకు అంటిస్తే ఏం పోతుంది? మా జాబితాలో అలా పోయిన పేర్లు ఇంకా ఉన్నాయి. వాళ్ళ జాబ్ కార్డులు కూడా చూడమని ఆ అన్ననే అడిగాం. ఆదివారం రమ్మన్నాడు.

ఆగండి, కొందరు మిగిలిపోయారు. మరాఠీలో అర్జీలన్నీ తప్పుల్లేకుండా రాసిపెట్టిన బడి సార్. సర్కారు పత్రాలకు అర్జీలు తీసుకునే సేతు కేంద్రంలో మా ఫారం కోసం మధ్యాహ్నం అన్నం మానుకున్న అమ్మాయి. సిమెంటు అప్పిచ్చి, హప్తా పడేదాకా ఒక్కమాట అనని దుకాణం సేటు. మేస్త్రీ, ఆయన తమ్ముడు. రికార్డు గదిలో ఆ పుస్తకం కోసం నిచ్చెనెక్కిన ముసలాయన, పేరు కూడా అడగలేదు, క్షమించాలి. స్లాబ్ రోజు మిక్సర్ ఆగిపోతే పక్క ఊరి నుంచి డీజిల్ తెచ్చిన పిల్లలు. ఇంకా ఎవరినైనా మరిచిపోతే కింద గుర్తుచేయండి, కలుపుతాను.