ఎలుకల్లో వచ్చిన ఫలితం, రోగుల నుంచి లక్షల వసూలు

సంపాదకులకు నమస్కారం.

మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు మూలకణ (స్టెమ్ సెల్) చికిత్స గురించి వస్తున్న వార్తల్లో ఒక ముఖ్యమైన తేడా, అంటే ఫలితం ఎలుకల్లో వచ్చిందా మనుషుల్లో వచ్చిందా అన్నది, తరచు మరుగున పడిపోతోంది. ఈ జబ్బులో రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాములలోని నరాల చుట్టూ ఉండే మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. ఇప్పుడు వాడుతున్న మందులు ఆ దాడిని తగ్గించేవే తప్ప, పోయిన పొరను తిరిగి తెచ్చేవి కావు. మూలకణాలపై రోగులు అంతగా ఆశ పెట్టుకోవడానికి కారణం అదే.

అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ మిల్లర్ బృందం 2012లో ‘నేచర్ న్యూరోసైన్స్’లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో గమనించదగ్గది. మనుషుల ఎముక మజ్జలోని మెసెన్కైమల్ మూలకణాలను పెంచిన ద్రవాన్ని, అందులో కణాలేవీ లేకుండా చేసి, ఇలాంటి జబ్బు తెప్పించిన ఎలుకలకు ఎక్కించగా వాటి పరిస్థితి మెరుగుపడింది. ఆ ద్రవంలో ప్రధానంగా పనిచేసినది హెపటోసైట్ గ్రోత్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ అనీ, దానిని విడిగా ఇచ్చినా మేలు కనిపించిందనీ, దాని పనిని అడ్డుకుంటే ఆ మేలు తగ్గిపోయిందనీ వారు చూపారు. అంటే మేలు చేసింది మూలకణాలు కొత్త నరాలుగా మారడం కాదు, అవి స్రవించిన పదార్థం.

మా చెల్లెలు ఈ జబ్బుతో బాధపడుతోంది. ఒక కన్ను మసకబారి, స్టెరాయిడ్ సెలైన్లు ఎక్కించుకుని ఇంటికి వచ్చిన వారంలోనే ఒక క్లినిక్ కరపత్రం మా చేతికి అందింది. ‘మీ కణాలే మీ నరాలుగా మారతాయి’ అన్న మాట అందులో పెద్ద అక్షరాలతో ఉంది. ఖర్చు ఎంతో మాత్రం ఫోన్ చేస్తేనే చెప్పారు. అది లక్షల్లో మాట.

మనుషుల్లో ఫలితం ఇంకా అంత దూరం రాలేదు. పలు దేశాలలో 144 మంది రోగులకు మెసెన్కైమల్ కణాలు ఎక్కించి చేసిన ప్రయోగంలో, ఎమ్మారైలో కనిపించే కొత్త మచ్చలు తగ్గలేదని 2021లో ‘లాన్సెట్ న్యూరాలజీ’ ప్రకటించింది. పై ప్రోటీన్‌నే నేరుగా మందుగా ఇవ్వవచ్చు కదా అంటే, అది కణాలపై అతుక్కునే చోటైన మెట్ అనే గ్రాహకానికి కొన్ని క్యాన్సర్లతోనూ సంబంధం ఉంది. కనుక తొందర తగదు. కీమోథెరపీ ఇచ్చి రక్త మూలకణాలను మార్పిడి చేసే పద్ధతి పూర్తిగా వేరు. అది కొందరు రోగులకు ఉపయోగపడింది కూడా, కానీ ప్రకటనల్లో రెండింటినీ కలిపేస్తున్నారు.

రక్త సంబంధ వ్యాధులలో ఆమోదం పొందిన మార్పిడులు తప్ప, మూలకణాల వాడకం క్లినికల్ ట్రయల్స్‌కే పరిమితం కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ట్రయల్ అయితే దేశంలోని ట్రయల్స్ అధికారిక నమోదు జాబితా అయిన సీటీఆర్‌ఐలో నమోదై ఉండాలి. ఆ నమోదు సంఖ్య అడిగితే మేం ఫోన్ చేసిన చోట జవాబు రాలేదు.

ఇలాంటి వార్తలు ఇచ్చేటప్పుడు ఫలితం ఎలుకల్లో వచ్చిందా, మనుషుల్లో వచ్చిందా, ట్రయల్ ఏ దశలో ఉందన్నది మొదటి పేరాలోనే రాయవలసిందిగా కోరుతున్నాను. మూలకణ క్లినిక్‌ల ప్రకటనలు స్వీకరించేముందు మీ ప్రకటనల విభాగం సీటీఆర్‌ఐ నమోదు సంఖ్యను అడిగితే ఇంకా మంచిది.

– ఒక పాఠకురాలు, వరంగల్