మగ పంది (పోతు) చెవిని మరువవద్దు నాయనా

నాయనకు నమస్కారాలు. అమ్మకు, జేజికి కూడా నా నమస్కారాలు చెప్పగలరు. డెన్మార్క్‌లో చలి ముదిరింది. పందుల ఫారంలో పని ఎప్పటిలాగే సాగుతోంది, నేను క్షేమంగా ఉన్నాను.

ఆదివారం ఫోను పెట్టేసినప్పటి నుంచి నా మనసంతా మన షెడ్డులోనే ఉంది. పందులు మేత వదిలి గోడకు ఒరుసుకుంటున్నాయని, పిల్లల చెవులు పొక్కులు కట్టాయని, ఎవరో చెప్పగా కాలిన ఇంజన్ ఆయిలు పూశారని అన్నారు. దయచేసి మళ్లీ పూయవద్దు. మీరు చెప్పినదాన్ని బట్టి అది గజ్జిలా ఉంది. గజ్జి పురుగు చర్మంలో సొరంగం తవ్వుకొని అందులోనే గుడ్లు పెడుతుంది. ఆ ఆయిలు వల్ల విషమెక్కేది పందికే.

ఇక్కడ ఒకసారి చెవిలోని పొక్కును చెంచాతో గీకి మైక్రోస్కోపు కింద నాకు చూపించారు. ఎండిన బురద పెచ్చులా ఉన్న ఆ తునకలో, అర మిల్లీమీటరు కూడా లేని గుండ్రని పురుగులు, ఎనిమిదేసి పొట్టి కాళ్లతో మెల్లగా కదులుతున్నాయి. ఆ పూట నాకు అన్నం సహించలేదు. మీరూ అలాగే గీకిన పెచ్చును చిన్న సీసాలో వేసి ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో చూపించండి.

గజ్జేనని తేలితే ఐవర్‌మెక్టిన్ సూది వేయమంటారు. 1 శాతం మందైతే 33 కిలోల బరువుకు 1 మిల్లీలీటరు చొప్పున, చెవి వెనుక మెడ దగ్గర చర్మం కింద వేయాలి. బరువును కంటి అంచనాతో తేల్చవద్దు, శెనక్కాయల మూటలు తూచే కాటా ఉంది కదా. ఈ మందు జపానులోని కవానా దగ్గరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చిందట. దాన్ని కనిపెట్టిన వారికి 2015లో నోబెల్ ఇచ్చారు. మట్టి మాట కాబట్టి మీకు నచ్చుతుందని రాస్తున్నాను.

నిరుడు మీరు ఒక్క సూదితో ఆపేశారు, అందుకే సంక్రాంతికల్లా గజ్జి తిరగబెట్టింది. మందుకు పురుగు చస్తుంది గాని గుడ్డు చావదు. ఆ గుడ్డు మూడు నుంచి ఐదు రోజుల్లో పగిలి, రెండు వారాలకు మళ్లీ గుడ్లు పెట్టే పురుగవుతుంది. కాబట్టి 14 రోజులకు రెండో సూది తప్పదు. కరవబోయిందని అప్పుడు పోతును వదిలేశారు, కానీ దాని చెవి లోపలి పెచ్చులే ఈ గజ్జికి పుట్ట. పైకి నున్నగా కనిపిస్తూనే జతకట్టిన ప్రతి పందికీ అంటిస్తుంది. ఇద్దరు మనుషులను పెట్టుకొనైనా దానికీ అన్నింటితో పాటు అదే రోజు వేయించండి. చూడి పందికి ఈనడానికి వారం పది రోజుల ముందు ఒళ్లు కడిగి సూది వేస్తే పాలు తాగే పిల్లలకు అంటదు.

అమ్మా, నా చేతి మీద దద్దుర్లు చూసి నువ్వు ఏడ్చావని తమ్ముడు చెప్పాడు. పంది గజ్జి పురుగు మనిషి ఒంటి మీద సంతతి పెంచుకోలేదు, కొన్నాళ్లు దురద పెట్టి దానంతటదే పోతుంది. నాకు పోయింది కూడా. తొడుగులు లేకుండా పని చేయడం నా తప్పే, ఇక దాని గురించి అడగవద్దు.

నాయనా, సూది వేసిన పందిని వెంటనే కోతకు అమ్మవద్దు. మాంసంలో మందు పోయేదాకా ఆగాలని మేము వాడే సీసా మీద 28 రోజుల గడువు ఉంది. మీ సీసా మీద ఎంత రాసి ఉందో చూసి, బేరగాడు ఎంత తొందరపెట్టినా అంతవరకూ ఆగండి. ఆ నెల ఖర్చుకు నేను డబ్బు పంపుతాను. పోతు చెవి లోపలి ఫోటో తీసి నాకు పంపమని తమ్ముడికి చెప్పండి.

ఇట్లు,
మీ పెద్ద కొడుకు